నెలసరి నెలనెలా రావడం లేదు: వాము, నువ్వులు, బొప్పాయిలో ఏది నిజంగా పనిచేస్తుంది?

తనయ_పర్లా (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప ఏమీ రాయలేదు. నాకు 24 ఏళ్లు. బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం బరంపురంలో హాస్టల్లో ఉంటున్నాను. ఏడాదిగా నెలసరి లెక్క తప్పింది. ఒకసారి నలభై రోజులకి వస్తుంది, ఇంకోసారి రెండు నెలలు దాటినా రాదు. వచ్చినా కుదురు లేదు. ఒక నెల మరకలా కనిపించి ఆగిపోతే ఇంకో నెల వారం దాటినా వదలదు. బరువు పెరిగాను. గడ్డం కింద వెంట్రుకలు గట్టిగా వస్తున్నాయి. పార్లర్ అమ్మాయి ముందుగా గమనించి "హార్మోన్లు చూపించుకున్నావా అక్కా?" అని అడిగింది.

ఇంట్లో చెబితే అమ్మ వాము కషాయం అంటుంది, నాయనమ్మ నువ్వుల చిమ్మిలి అంటుంది, మేనత్త బొప్పాయి అంటుంది. డాక్టరు మాట ఎత్తితే మాత్రం ముగ్గురూ ఒక్కటైపోతారు. "సంబంధాలు చూస్తున్నాం, ఆ క్లినిక్ గుమ్మం ఎక్కావంటే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది" అంటారు. పర్లాకిమిడిలో అది అబద్ధం కూడా కాదు.

ఇంట్లో చేసుకునేవాటిలో మీకెవరికైనా నిజంగా పనిచేసింది ఏదైనా ఉందా? ఉంటే ఎలా చేయాలో కూడా చెప్పండి.

గుణుపురం అప్ప (గుణుపూర్)

అమ్మీ, కంగారు పడకు. మీ నాయనమ్మ చెప్పింది మంచి మాటే. మా ఇళ్లలో పిల్ల పెద్దమనిషి అయితే పీట మీద కూర్చోబెట్టి ముందు చిమ్మిలే పెట్టేవారు. నడుముకి బలం, ఒంటికి నెత్తురు అని.

నల్ల నువ్వులు కడిగి, ఇసుక లేకుండా గాలించి, నీడన ఆరబెట్టు. మూకుడులో సన్నసెగ మీద దోరగా వేయించు. చిటపటలు జోరందుకోగానే దించెయ్యాలి, ఇంకొంచెం ఆగితే చేదెక్కుతాయి. రోట్లో ముందు నువ్వులే దంచు. పొడిపొడిగా ఉన్నది కాసేపటికి ముద్దకట్టి రోకలికి అంటుకుంటుంది. అప్పుడు తాటిబెల్లం చిదిపి వేసి మళ్లీ దంచు. చెయ్యి పెడితే నూనె వేళ్లకి అంటాలి. నిమ్మకాయంత ఉండ రోజుకొకటి తిను. మిక్సీలో కూడా అవుతుందిలే, రుచి మాత్రం రాదు.

వాము అయితే ఒక చెంచా, గ్లాసున్నర నీళ్లలో వేసి గ్లాసు అయ్యేదాకా మరిగించు. బెల్లం ముక్క వేసుకుని గోరువెచ్చగా తాగు. డేటు దగ్గరపడ్డప్పుడు అయిదారు రోజులు చాలు. ఎక్కువైతే కడుపులో మంట.

నిమ్మగడ్డి (బరంపురం)

అప్పా, చిమ్మిలికి నా ఓటు కూడా. కాకపోతే అది తిండి, మందు కాదు.

తనయా, నాకు పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్లు గాడి తప్పే సమస్య) అని తెలిసి చాన్నాళ్లయింది. తెలియక ముందు ఈ జాబితా అంతా నేనూ నడిచాను. వాము, మెంతులు, కలబంద గుజ్జు, ఉల్లితొక్క కషాయం కూడా (ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది). ఈ చిట్కాలన్నింటిలో ఉన్న సౌకర్యం ఒకటే. ఆలస్యమైన నెలసరి ఎప్పుడో ఒకప్పుడు ఎలాగూ వస్తుంది. ఆ వారం ఏది తాగుతుంటే దానికి పేరొస్తుంది. రాలేదనుకో, "పరగడుపున తాగావా? బెల్లం పాతదేనా?" అని మనల్నే అడుగుతారు. మందు తప్పు ఎప్పుడూ ఉండదు.

ఇంకో మాట. నీకు నిజంగా పీసీఓడీ ఉంటే, రోజూ ఉండ చొప్పున బెల్లం పడితే ఉన్న బరువుకి ఇంకొంచెం తోడవుతుంది. తాటిబెల్లమైనా, చెరకు బెల్లమైనా రక్తంలోకి వెళ్లాక చక్కెరే.

స్టాఫ్_రాయగడ (రాయగడ)

నేను స్టాఫ్ నర్సుని, ప్రసూతి వార్డులో ఉంటాను. డాక్టర్ని కాదు, అది ముందే చెబుతున్నాను. డ్యూటీ మధ్యలో రాస్తున్నా, అటూ ఇటూ అయితే సర్దుకోండి.

తనయా, ముందు ఒక ప్రశ్న, తప్పుగా అనుకోకు. అవకాశం ఏ కాస్త ఉన్నా మొదట గర్భం పరీక్ష చేసుకో. పెళ్లయినా కాకపోయినా, ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదట అడిగేది ఇదే. అడిగితే అనుమానించినట్టు కాదు. ఆశా కార్యకర్త దగ్గర 'నిశ్చయ్' కిట్ ఉచితంగా దొరుకుతుంది, మందుల షాపులో కొన్నా ఖరీదు కాదు. ఇది తేల్చుకోకుండా "నెలసరి రప్పించే" ఏ మందూ, ఏ కషాయమూ ముట్టకూడదు.

రెండోది లెక్క. రక్తం కనిపించిన మొదటి రోజు నుంచి మళ్లీ వచ్చే మొదటి రోజు వరకు లెక్కపెట్టాలి. చాలామంది ఆగిన రోజు నుంచి లెక్కపెట్టి "ఇరవై రోజులకే వచ్చేసింది" అని పరుగెత్తుకొస్తారు. పెద్దవాళ్లకి 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. ఒక నెల 27, ఇంకో నెల 31 అయితే అది గాడి తప్పడం కాదు. నీకున్నట్టు నలభై, అరవై దాటుతుంటే కారణం వెతకాలి. వరుసగా మూడు నెలలు రాకపోతే ఇక ఇంటి వైద్యంతో ఆగకూడదు.

కారణాలు ఒకటా రెండా? పీసీఓఎస్ (పీసీఓడీ అన్నా ఇదే), థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే పాల హార్మోను పెరగడం, ఒక్కసారిగా బరువు పెరగడం లేదా తగ్గడం, పరీక్షల టెన్షన్, నిద్ర లేకపోవడం, పాలిచ్చే కాలం, గర్భం రాకుండా ప్రభుత్వాసుపత్రిలో మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజక్షన్. మన వైపు గర్భాశయానికి క్షయ సోకి నెలసరి ఆగిపోయినవాళ్లు కూడా ఉంటారు. ఇన్నింటికీ ఒకే వాము నీళ్లు ఎలా సరిపోతాయి?

గడ్డం మీద వెంట్రుకలు, బరువు, ఆలస్యం మూడూ కలిశాయి కాబట్టి పీసీఓఎస్ అనే అనుమానం వస్తుంది. కానీ చూడకుండా ఎవరూ చెప్పలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఇది ఉంటుంది. నువ్వేమీ వింత కాదు.

తనయ_పర్లా

థాంక్స్ అక్కా. గర్భం అవకాశం లేదు. నా భయం వేరే. స్కాన్ అంటే లోపల పెట్టి చేస్తారని హాస్టల్లో ఒకమ్మాయి చెప్పింది. అప్పటి నుంచి ఆ ఆలోచనకే చెమటలు పడుతున్నాయి.

స్టాఫ్_రాయగడ

పెళ్లికాని అమ్మాయిలకి పొట్ట మీద నుంచే చేస్తారు. ముందు నీళ్లు బాగా తాగి మూత్రం ఆపుకోవాలి, కష్టమంతా అంతే. పైన జెల్ రాసి చేస్తారు, చల్లగా తగులుతుంది. వద్దని చెప్పే హక్కు నీకు ఎప్పుడూ ఉంది. అసలు సగం విషయం రక్తపరీక్షలోనే తేలుతుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్, పరగడుపు చక్కెర, హిమోగ్లోబిన్, మగ హార్మోను. ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో నిదాన్ పథకం కింద చాలా పరీక్షలకి, నిరామయ కింద మందులకి డబ్బు కట్టక్కర్లేదు. నువ్వు ఎలాగూ బరంపురంలో ఉన్నావు, అక్కడి ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో స్త్రీల ఓపీ పెద్దది. ఆ జనంలో పర్లాకిమిడి వాళ్లు నిన్ను పోల్చుకోవడం కష్టం!

బొరిగుమ్మ వనమూలిక

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్

"మూడు ప్యాకెట్లలో గ్యారంటీ" అంటూ ఫోన్ నంబరు పెట్టిన పోస్టు తీసేశాను. ఇక్కడ అమ్మకాలు కుదరవు. చర్చ కొనసాగించండి.

జయపురం మందులాయన (జయపురం)

మగవాడిని మధ్యలో వచ్చానని అనుకోకండి. మందుల షాపు నడుపుతాను, కౌంటరు ఇవతల కనిపించేది చెబుతాను.

మా దగ్గరికి ఈ విషయం మీద వచ్చేవాళ్లు రెండు రకాలు. రథయాత్ర, దసరా, పెళ్లిళ్లు వస్తే "వెనక్కి జరిపే మాత్ర" అడిగేవాళ్లు మొదటి రకం. అది నోరెథిస్టెరోన్ అనే హార్మోను మాత్ర. ఆపేసిన రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తుంది. ఎప్పుడో ఒకసారి డాక్టరు రాసిస్తే వేసుకోవచ్చు. ప్రతి పూజకీ, ప్రతి వ్రతానికీ ఒక స్ట్రిప్పు పట్టుకెళ్లి, ఆ తర్వాత "డేట్లు ఎందుకో గాడి తప్పాయి" అనేవాళ్లని ఎంతమందిని చూశానో. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకి ఈ మాత్ర ప్రమాదం కూడా.

రెండో రకం గొంతు తగ్గించి "రప్పించే మాత్ర" అడుగుతారు. అంటే గర్భం పోగొట్టే కిట్. చీటీ లేకుండా నేను ఇవ్వను. ఇచ్చే షాపులు లేవని చెప్పను. గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచి ఉంటే ఆ మాత్ర దాన్ని తీయలేదు. రక్తం కనిపించింది కదా, పనైపోయిందనుకుని ఇంట్లో ఉంటారు. లోపల ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా సరే, ఒక పక్క కడుపునొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక సంతలో దొరికే వేర్లు. చిత్రమూలం, గురివింద గింజలు "నెలసరికి మంచివి" అని ఇస్తుంటారు. రెండూ విషమే. గురివింద గింజ నలిగి కడుపులోకి వెళ్తే చిన్న మోతాదే చాలు. పేరు లేని పొడుల సంగతి ఇంకోరకం, కొన్నింట్లో స్టెరాయిడ్, కొన్నింట్లో సీసం బయటపడ్డ సందర్భాలున్నాయి.

గుణుపురం అప్ప

బాబూ, వేర్లు మేమూ ఇవ్వం. మాది వంటింటి వైద్యం. వాము, నువ్వులకి విషం అంటగట్టకు!

జయపురం మందులాయన

లేదండీ అప్పగారూ, వాము గురించి నేనెందుకంటాను, మా ఇంట్లోనూ అన్నంలోకి వామాకు పచ్చడే. ఆయుర్వేదం మాత్రలు కొన్నా లేబులు, తయారీ లైసెన్సు నంబరు చూసి కొనమంటున్నాను. అశోకారిష్టం లాంటివి కూడా అందరికీ ఒకటే కాదు. దాన్ని వైద్యులు ఎక్కువగా రక్తస్రావం అధికంగా ఉన్నవాళ్లకి ఇస్తారు. రావడమే లేదనే అమ్మాయి పక్కింటావిడ తాగిందని తాగితే ఏం లాభం?

నిమ్మగడ్డి

బొప్పాయి మీద ఎవరూ తీర్పు ఇవ్వలేదు. మా అత్తగారు పచ్చి బొప్పాయి కూర వారానికి రెండుసార్లు వండి నా వైపు చూసేవారు. పండు తింటే విటమిన్ సి వస్తుంది, విరేచనం సాఫీగా అవుతుంది. నెలసరిని రప్పిస్తుందని మనుషుల మీద తేల్చిన రుజువు లేదు. పచ్చికాయ పాలు ఎలుకల గర్భాశయాన్ని ముడుచుకునేలా చేశాయని ప్రయోగశాలలో చూశారు. అందుకే గర్భం అనుమానం ఉన్నవాళ్లు పచ్చికాయ జోలికి పోకపోవడం మేలు.

దాల్చినచెక్కకి మాత్రం కాస్త ఆధారం ఉంది. 2014లో అమెరికాలో పీసీఓఎస్ ఉన్న 45 మందితో చిన్న పరీక్ష జరిగింది. రోజుకి గ్రామున్నర చొప్పున ఆరు నెలలు తీసుకున్నవాళ్లకి నెలసరులు కొంచెం ఎక్కువసార్లు వచ్చాయి. అంత చిన్న పరీక్షని పట్టుకుని గంతులేయనక్కర్లేదు. మన కిరాణా కొట్లో దొరికేది ఎక్కువగా కాసియా రకం. అందులోని కౌమరిన్ అనే పదార్థం మోతాదు మించితే కాలేయానికి చెరుపు. టీలో చిన్న ముక్క చాలు, చెంచాలు చెంచాలు మింగొద్దు. అల్లం నొప్పి తగ్గిస్తుంది, డేటుని సరిచేయదు. మెంతులు చక్కెరని కొంచెం అదుపులో పెడతాయి, అలా చుట్టుతిరిగి సాయం చేస్తాయేమో. అప్పటికే షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు చెప్పి తీసుకోవాలి.

నాకు నిజంగా తేడా తెచ్చింది ఇవేవీ కాదు. రాత్రి అన్నం తగ్గించి, పొద్దున్నే నడక పెట్టుకున్నాక డేట్లు వాటంతటవే దగ్గరకొచ్చాయి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి అండం విడుదల మళ్లీ మొదలవుతుందని మా డాక్టరు చెప్పింది. సన్నగా ఉన్నవాళ్లకీ పీసీఓఎస్ వస్తుంది, వాళ్లని బరువు తగ్గమనడం అన్యాయం.

ఇచ్ఛాపురం కోడలు (బరంపురం)

మధ్యలో నాదొక సందేహం. మా పాప 13 ఏళ్లది, కిందటేడు పెద్దమనిషి అయింది. రెండు నెలలకోసారి వస్తోంది. పక్కింటావిడ స్కాన్ చేయించి పీసీఓడీ ఉందేమో చూడమంటోంది.

స్టాఫ్_రాయగడ

వద్దమ్మా. మొదటి రెండు మూడేళ్లు గ్రంథులు సర్దుకునే కాలం, 45 రోజుల దాకా, మొదటి ఏడాదిలో ఇంకొంచెం ఎక్కువ కూడా వెళ్లడం ఈ వయసులో మామూలే. ఈ వయసు పిల్లల అండాశయాలు స్కాన్‌లో మామూలుగానే బుడగల్లా కనిపిస్తాయి. దాన్ని చూసి పీసీఓడీ అని ముద్ర వేస్తే పిల్ల జీవితాంతం ఆ భయంతో ఉంటుంది. 90 రోజులు దాటినా రాకపోతే, లేదా గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే చూపించు. పాప అలసటగా ఉంటే హిమోగ్లోబిన్ చూపించు, సికిల్ సెల్ (ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) పరీక్ష కూడా. మన జిల్లాల్లో ఆ జబ్బు ఎక్కువ. అది ఉన్న పిల్లలకి డాక్టరు చెప్పకుండా ఐరన్ మాత్రలు వేయొద్దు.

ఇచ్ఛాపురం కోడలు

బతికించావు. స్కూల్లో ఖుషీ ప్యాడ్లు ఇస్తున్నారు గానీ ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు. రజ పండక్కి మూడు రోజులు భూమాతకి నెలసరి అని నాగలి కట్టరు, ఉయ్యాల కడతారు, పోడొపిఠా చేస్తారు. మా ఇంట్లో ఒడియా వాళ్లకంటే ఎక్కువ సంబరం. అదే ఇంట్లో పిల్ల డేటు తప్పిందంటే తలుపు దగ్గరగా వేసి మాట్లాడతారు. దీన్ని ఏమనాలో నాకు అర్థం కాదు.

ప్రాణహిత (సిరొంచ)

మా వైపు అంతకంటే కష్టం. గడ్చిరోలి అడవి ఊళ్లల్లో మాడియా ఆడవాళ్లు ఆ రోజుల్లో ఊరి చివర కుర్మా ఇంట్లో ఉంటారు. మన తెలుగు ఇళ్లల్లో అది లేదు గానీ, పెద్దాసుపత్రి కావాలంటే జిల్లా కేంద్రం దూరం. నది దాటి తెలంగాణ వైపు పోవుడే మాకు అలవాటు.

నా బాధ మీ అందరికీ తిరగేసి ఉంది. నాకు 45 ఏళ్లు. ఇరవై రోజులకే వస్తోంది, పది రోజులు పోతుంది, గడ్డలు గడ్డలు పడుతోంది. తెలిసినామె "గర్భసంచి తీయించుకో, పీడ పోతది, నేను తీయించుకున్న" అంటోంది. అత్తిపత్తి రసం తాగమని ఇంకొకరు. రెండింట్ల ఏది?

స్టాఫ్_రాయగడ

రెండూ ఇప్పుడే వద్దు అక్కా. మన దేశంలో నెలసరి ఆగే సగటు వయసు 46–47. దానికి ముందు కొన్నేళ్లు గజిబిజి ఉంటుంది. అలాగని గడ్డలు పడటం, పది రోజులు పోవడాన్ని "వయసు" అని వదిలేయకూడదు. ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే కండ గడ్డ) కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, లోపలి పొర మందమై ఉండొచ్చు. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, స్కాన్. అవసరమైతే లోపలి పొరలో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు, గర్భాశయ ముఖం కూడా చూస్తారు. చాలామందికి మాత్రలతోనో, హార్మోను ఉన్న కాపర్-టీ లాంటి పరికరంతోనో తగ్గుతుంది. అన్నీ అయ్యాకే ఆపరేషన్ మాట.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. పీడ పోదు, వేరే పీడ వస్తుంది.

జయపురం మందులాయన

మీ మహారాష్ట్రలోనే 2019లో బీడ్ జిల్లా సంగతి బయటికొచ్చింది కదండీ. చెరకు కోతకి వెళ్లే ఆడవాళ్లు, ముప్పై ఏళ్లు నిండనివాళ్లు కూడా, పనికి అడ్డం అని గర్భసంచులు తీయించేసుకున్నారు. రెండో డాక్టరు అభిప్రాయం లేకుండా సంతకం పెట్టకండి.

ప్రాణహిత

నిజమే. మా దగ్గర కూడా కోతలకు పోయేటోళ్లు ఆ ముచ్చట చెప్పేవారు. పండగ అయినంక మంచిర్యాల పోయి చూపించుకుంటా.

స్టాఫ్_రాయగడ

పండగ దాకా ఆగకు. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ ఉన్నాయా? ఉంటే ఈ వారమే వెళ్లు. జాతీయ ఆరోగ్య సర్వేలో (2019–21) మన దేశపు ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత. పది రోజులు పోయేవాళ్లలో ఎంతుంటుందో ఊహించుకో. భోంచేసిన వెంటనే టీ మానెయ్, అది ఐరన్‌ని ఒంటపట్టనివ్వదు. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకో.

తనయ_పర్లా

చాలా రోజులకి వచ్చాను. చూపించుకున్నాను. హాస్టల్ స్నేహితురాలు తోడొచ్చింది, ఇంట్లో చెప్పలేదు. ఓపీలో నిలబడి నిలబడి కాళ్లు పీకాయి. స్కాన్ పొట్ట మీద నుంచే చేశారు, అక్క చెప్పినట్టే జెల్ చల్లగా ఉంది. థైరాయిడ్ బాగానే ఉంది. చక్కెర అంచు మీద ఉంది. పీసీఓఎస్ అన్నారు. పది రోజులకి సరిపడా హార్మోను మాత్రలు రాశారు, అవి అయ్యాక నెలసరి వచ్చింది. నెలల తరబడి రాకుండా వదిలేస్తే లోపలి పొర మందమై తర్వాత గండం అవుతుందట, అందుకని ఏడాదికి కనీసం నాలుగుసార్లయినా వచ్చేలా చూసుకోవాలన్నారు. పిల్లలు పుట్టరా అని నేనే అడిగేశాను. "ఎవరు చెప్పారు? కొంచెం ఆలస్యం కావచ్చు, అంతే, మందులున్నాయి" అన్నారు డాక్టరమ్మ.

తమాషా ఏంటంటే, ఆ వారమే నాయనమ్మ చిమ్మిలి డబ్బా పంపింది. నెలసరి వచ్చిందని అమ్మకి ఫోన్లో చెబితే పక్కనుంచి నాయనమ్మ "నేను చెప్పలేదూ!" అంటోంది.

నిమ్మగడ్డి

హహ్హహ్హ! చెప్పానా?

హాస్టల్ తిండి సంగతి చూసుకో. పొద్దున్న పూరీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం, మధ్యలో మిక్చరు పొట్లం. చోడి (రాగి) అంబలి తెచ్చుకో, ఇక్కడ ఒడియా వాళ్ల మాండియా జావు అదే. గుడ్డు, శనగలు పెట్టుకో. నడకకి తోడు కావాలంటే మెసేజ్ చెయ్యి, స్టేడియం దగ్గర ఆరింటికి ఉంటాను.

తనయ_పర్లా

వస్తానక్కా. సంబంధం వాళ్లకి చెప్పాలా వద్దా అని ఇంట్లో యుద్ధం అయ్యేలా ఉంది. అమ్మకి ఇప్పుడు తెలుసు, నాన్నకి ఇంకా తెలియదు.

ఇచ్ఛాపురం కోడలు

మాట ఖాయమయ్యే ముందు అబ్బాయితో నువ్వే చెప్పు. మధ్యవర్తి నోట పడితే ఒకటి పది అవుతుంది.

గుణుపురం అప్ప

అమ్మీ, బాగుంది, చల్లగా ఉండు. చిమ్మిలి వారానికొకటి తిను, డాక్టరమ్మ కోప్పడదులే.

ఓ నర్సమ్మా, నాదొక చిన్న మాట. నాకు 58. నెలసరి ఆగిపోయి ఆరేడేళ్లయింది. కిందటి నెల నుంచి అప్పుడప్పుడు మరక కనిపిస్తోంది. నొప్పి లేదు, ఏమీ లేదు. వేడి చేసిందేమోనని వాము ఆపి మజ్జిగ తాగుతున్నాను. సరిపోతుందా?

స్టాఫ్_రాయగడ

అప్పా, మజ్జిగతో ఊరుకోవద్దు. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాల్సిందే, నొప్పి ఉన్నా లేకపోయినా. ఎక్కువమందికి లోపల పొర పలచబడి అలా అవుతుంది, చిన్న మందుతో పోతుంది. కొందరికి మాత్రం గర్భాశయ క్యాన్సర్ మొదటి గుర్తు అదే. ముందే పట్టుకుంటే బాగా నయమవుతుంది. ఎన్నిసార్లు కనిపించింది? బీపీ, షుగరు ఉన్నాయా?

గుణుపురం అప్ప

మూడు నాలుగు సార్లు. షుగరు ఉంది. కొడుకుతో ఇలాంటివి చెప్పలేను, కోడలు పుట్టింటికి వెళ్లింది.

స్టాఫ్_రాయగడ

కొడుకుతో "కడుపులో బాగోలేదు, రాయగడ వెళ్లాలి" అను, మిగతాది నేను చూసుకుంటాను. సోమవారం పొద్దున్నే జిల్లా ఆసుపత్రి ఓపీకి వచ్చెయ్, చీటీ కౌంటరు పక్కన నుంచుంటాను. షుగరు చీటీలు, వేసుకునే మాత్రలు సంచీలో వేసుకో. ఆ రోజు మరక కనిపిస్తున్నా సరే వచ్చెయ్, ఆగేదాకా చూడకు. ముక్క పరీక్ష చేస్తారేమో, కొంచెం నొప్పి ఉంటుంది, ఓర్చుకోగలవు.

గుణుపురం అప్ప

సరే అమ్మా. మొదటి బస్సుకే వస్తాను. టిఫిను తిని రావచ్చా, పరగడుపున రావాలా?

స్టాఫ్_రాయగడ

పరగడుపున రా. రక్తం ఇచ్చాక తిందువుగాని, డబ్బాలో ఏదైనా పెట్టుకో. షుగరు మాత్ర కూడా తిన్నాకే.